తీరం మీద ఫొటో, వీడియో పని చేయాలంటే ముందు సముద్రానికి వీపు తిప్పండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒక రేవు ఊరి మీద ఫొటోలూ వీడియో కలిపి పెద్ద పని చేయాలనుకుంటున్నారు. ఆ రేవుకి అవతలి ఒడ్డు నుంచి తరతరాలుగా మనుషులు వచ్చిపోతున్నారు, మాటలూ పాటలూ కలిసిపోయాయి, ఆ కలయికని చూపించాలని మీ కోరిక. ఆరు వారాల్లో 2000కి పైగా ఫొటోలు తీశారు, తీరా చూసుకుంటే అన్నీ క్యాలెండర్ బొమ్మల్లా ఉన్నాయి: సూర్యాస్తమయం, పడవ, వల, నవ్వుతున్న ముసలాయన. ఏ కెమెరా కొనాలి, ఫొటోనా వీడియోనా, కెమెరా తీయగానే జనం బిగుసుకుపోతుంటే ఏం చేయాలి, చివరికి దీన్ని ఎక్కడ ఎలా చూపించాలి అని అడిగారు. నేను 20 ఏళ్ళుగా తీరాల మీదే పని చేస్తున్నాను, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండి.

కెమెరా సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే మీ ఇబ్బంది కెమెరాతో వచ్చింది కాదు. మీరు ప్రశ్నతో పాటు పెట్టిన 12 ఫొటోలూ చూశాను. వెలుగు బాగా పట్టుకున్నారు, ఫోకస్ ఎక్కడా తప్పలేదు. కానీ 12లో 11 ఫొటోల్లో వెనకాల సముద్రం ఉంది. సముద్రం వెనక ఉంటే చాలు, ఏ ఫొటో అయినా అందంగానే వస్తుంది. అక్కడే చిక్కు. అందం దొరికింది కదా అని మనం తీయడం అక్కడితో ఆపేస్తాం, ఇంకో నాలుగడుగులు లోపలికి వెళ్ళి అసలు ఆ ఊళ్ళో ఏం జరుగుతోందో చూడం. మిగిలిన ఆ ఒక్క ఫొటో గురించి తర్వాత మాట్లాడతాను, అది నాకు బాగా నచ్చింది.

ఒక వారం పాటు ఇలా చేయండి. రేవుకి వెళ్ళి సముద్రానికి వీపు తిప్పి నిలబడండి, అటు తిరిగి ఒక్క ఫ్రేమ్ కూడా తీయొద్దు. మొదటి రెండు రోజులూ చేతులు కట్టేసినట్టు ఉంటుంది. ఆ తర్వాత ఒక్కొక్కటే కంటపడతాయి: గోడౌన్ తలుపు మీద రెండు లిపుల్లో సుద్దముక్కతో రాసిన లెక్కలు, విరగ్గొట్టిన ఓడ చెక్కతో కట్టిన ఇంటి గుమ్మం, ఒకే వస్తువుకి మూటలు మోసేవాళ్ళు ఒక పేరు, గుమాస్తా ఇంకో పేరు, సరంగు మూడో పేరు వాడటం. ఇవి ఆ ఒక్క రేవులోనే దొరుకుతాయి. సూర్యాస్తమయం మాత్రం ప్రతి ఊరికీ ఉంది.

నాకు ఇది ఒక వల దగ్గర తెలిసొచ్చింది. ఊరి పేరు అక్కర్లేదు, పాత రేవు. ఒకాయన నేల మీద కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చిరుగులు బాగుచేస్తున్నాడు. అలాంటి ఫొటోలు అప్పటికే నా దగ్గర వందలున్నాయి, అందుకని తీయకుండా ఊరికే పక్కన కూర్చున్నాను. దగ్గర్నుంచి చూస్తే ఆ వలది ఒక రంగు కాదు. పాత భాగం ఎండకి వెలిసి బూడిద రంగుకి తిరిగింది, అందులో అరచేయంత మేర ముదురు ఆకుపచ్చ, దాన్ని ఆనుకుని నారింజ, ఒక మూలన నీలం. ఇన్ని రంగులేమిటని అడిగితే వేలు పెట్టి చూపిస్తూ పోయాడు. ఈ పచ్చది అవతలి ఒడ్డున చిరిగినప్పుడు అక్కడివాళ్ళు ఇచ్చిన దారం. ఈ నారింజది ఇంజను చెడిపోయి 11 రోజులు ఇంకో రేవులో ఉండిపోయినప్పుడు కొన్నది. ఈ నీలం మా బావమరిది వేసింది, వాళ్ళది ఆ ఒడ్డు, ముడి కూడా వాడిదే, మేం ముడి ఇలా వేయం. ముడి కూడా వేరా అని కళ్ళు దగ్గరగా పెట్టి చూశాను. నిజమే, ఆ నీలం భాగంలో ప్రతి ముడీ ఒక మెలిక ఎక్కువ తిరిగి ఉంది. ఆ మధ్యాహ్నం 40 నిమిషాల వీడియో తీశాను, ఫ్రేమ్‌లో ఆయన చేతులు, వల, అంతే. సముద్రం మొదట్నుంచీ చివరిదాకా వినిపిస్తుంది, ఒక్కసారి కూడా కనిపించదు. ఇన్నేళ్ళ నా పనిలో జనం గుర్తుపెట్టుకుని అడిగేది ఆ వీడియో గురించే.

సాంస్కృతిక మార్పిడి అనే మాటని దరఖాస్తుల్లో రాసుకోవచ్చు గానీ దాన్ని ఫొటో తీయలేం. దారాన్ని తీయగలం. ముడిని తీయగలం. ఒక పాట, ఒక తిట్టు, ఒక అప్పు, ఒక పెళ్ళి, వీటిని తీయగలం. చేతులు మారిన వస్తువు ఏదో ఒకటి పట్టుకోండి, అది ఎవరి దగ్గర్నుంచి ఎవరికి, ఏ ధరకి, ఎవరి ఇష్టంతో వెళ్ళిందో ఆరా తీస్తూ దాని వెంటే పోండి, మీ పని దానంతటదే ఊరు దాటుతుంది.

వస్తువు వెంట పోవడమంటే ఎంత దూరం పోవచ్చో చూడాలంటే అమెరికన్ ఫొటోగ్రాఫర్ అలన్ సెకులా చేసిన 'ఫిష్ స్టోరీ' చూడండి. 1989 నుంచి 1995 దాకా ఆయన రేవులు, ఓడలు, ఓడలు కట్టే యార్డులు పట్టుకుని తిరిగి ఫొటోలు తీశాడు, వాటి పక్కన తన రాతని కూడా ఫొటోలతో సమానంగా పెట్టాడు. పరిమాణం లెక్కన ప్రపంచ వాణిజ్యంలో 80 శాతానికి పైగా ఇవాళ్టికీ సముద్రం మీదే నడుస్తోంది. అయినా సముద్రం అనగానే మన కళ్ళకి ఖాళీ నీళ్ళే కనిపిస్తాయి, అక్కడ పనిచేసే మనుషులు కనిపించరు. ఆయన కంటెయినర్లని, వాటిని కదిలించే కూలీలని, ఓడ ఇంజను గదినీ చూపించాడు. ఆ ఫొటోలు చాలావాటిలో వెలుగు మామూలు మధ్యాహ్నపు వెలుగే, సాయంత్రపు బంగారు కాంతి కోసం ఆగినట్టు అనిపించదు. ఇది గమనించండి, మీరు మధ్యాహ్నం పూట కెమెరా బ్యాగులో పెట్టేస్తున్నానని రాశారు. రేవులో పని జరిగేది ఆ వేళలోనే!

సముద్రాన్నే తీయాలని పట్టుదల ఉంటే దానికీ ఒక దారి ఉంది. జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమొతో 1980 నుంచి వేర్వేరు సముద్రాలని నలుపు తెలుపులో తీస్తూ వచ్చాడు, క్షితిజరేఖ ఫ్రేమ్‌కి సరిగ్గా నడిమధ్యన, పైన ఆకాశం, కింద నీళ్ళు, పడవ లేదు, మనిషి లేడు. ఒక్కటి చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. పక్కపక్కన పది పెట్టి చూస్తే కాళ్ళు కదలవు. ఆ పని నిలబడింది ఒకే నియమానికి దశాబ్దాలు కట్టుబడ్డందువల్ల. మీరు మూడు నెలల గడువు పెట్టుకున్నారు కాబట్టి ఆ దారి వద్దంటాను.

ఇప్పుడు మనుషులు బిగుసుకుపోవడం గురించి. మీరు దాన్ని ఇబ్బంది అన్నారు, నేను మాత్రం దాన్ని వదులుకోవద్దంటాను. డచ్ ఫొటోగ్రాఫర్ రినెకె డైక్‌స్ట్రా 1992లో మొదలుపెట్టి పదేళ్ళపాటు వేర్వేరు దేశాల బీచ్‌లలో పిల్లల్ని, పదిహేనేళ్ళ అటూఇటూ వాళ్ళని నిలబెట్టి తీసింది. ట్రైపాడ్ మీద 4 బై 5 అంగుళాల ఫిల్మ్ కెమెరా, కొంచెం కింద నుంచి, పగటి వెలుగుకి తోడు ఫ్లాష్. ఒకే వేసవిలో, నెల తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికాలోని హిల్టన్ హెడ్ దీవిలో 1992 జూన్ 24న తీసిన అమ్మాయి నారింజ రంగు బికినీలో, మేకప్‌తో, ఎగురుతున్న జుట్టు చేత్తో పట్టుకుని, ఎవరో తనని మార్కులేసి చూస్తున్నట్టు నిలబడింది. పోలండ్‌లోని కొవోబ్జెగ్‌లో జులై 26న తీసిన అమ్మాయి ఒంటికి అంటుకుపోయిన పాత ఆకుపచ్చ స్విమ్‌సూట్‌లో, ఒక పక్కకి బరువు వేసి, ఏం చేయాలో తోచక నిలబడింది. ఇద్దరి వెనకా సముద్రం ఉంది, బల్లపరుపుగా, పనిలేనట్టు. చూపంతా ఒంటి మీదే ఆగుతుంది. రెండు సమాజాలు తమ పిల్లలకి ఎలా నిలబడాలో ఏం నేర్పాయో ఆ భుజాల్లో, ఆ చేతుల్లో ఉంది. వాళ్ళని నవ్వించి, సహజంగా ఉండమని బతిమాలి ఉంటే ఇవేవీ మిగిలేవి కావు. ఆ ఫొటోల పేర్లు కూడా అంతే, ఊరు, దేశం, తేదీ. మీ వాళ్ళు బిగుసుకుపోతే పోనివ్వండి. ట్రైపాడ్ వేయండి, మీరూ కదలకుండా నిలబడండి, ఒక నిమిషం ఆగండి. వాళ్ళు అనుకున్న పోజు అయిపోయి, తర్వాతేం చేయాలో తెలియని ఒక క్షణం వస్తుంది, దాన్ని తీయండి.

అయితే ఇది అపరిచితులతో. ఒకే ఊళ్ళో నెలల తరబడి ఉండేటప్పుడు లెక్క వేరు. క్రిస్ కిల్లిప్ అనే ఫొటోగ్రాఫర్ ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో లైన్‌మత్ అనే చోటికి వెళ్ళాడు. గని నుంచి సముద్రంలో పారబోసిన వ్యర్థంలోని బొగ్గు అలలకి కొట్టుకొస్తే, గుర్రబ్బండ్లతో దాన్ని ఏరుకుని బతికేవాళ్ళ ఊరది. 1976లో మొదటిసారి వెళ్తే తరిమేశారు. మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. 1982కి గానీ రానివ్వలేదు, ఆ తర్వాత ఒక కారవాన్ కొనుక్కుని వాళ్ళ మధ్యే ఉండి తీశాడు. మీరు ఆరేళ్ళు ఆగమని నేను చెప్పడం లేదు. కానీ "వాళ్ళు నన్ను నమ్మడం లేదు, ఆరు వారాలైంది" అని మీరు రాసిన వాక్యం ఒకసారి మళ్ళీ చదువుకోండి. బయటివాడు కెమెరాతో వస్తే అనుమానించడానికి రేవు జనానికి గట్టి కారణాలుంటాయి: పన్ను, పర్మిట్, సరిహద్దు, ఖాళీ చేయించడం. నేను చేసే పని ఒకటే, ముందు వారం తీసిన ఫొటోలు తర్వాతి వారం ప్రింట్ వేసి తీసుకెళ్ళి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాను. ఫోన్‌లో పంపడం కాదు, చేతిలో పెట్టే కాగితం. ఆ ప్రింట్ చూసి వాళ్ళు అనే మాటలతోనే తర్వాతి వారం ఏం తీయాలో తెలుస్తుంది.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సినది ఒకటుంది, ఈ జవాబంతా నిజానికి దీనికోసమే రాస్తున్నాను. కలయిక అనే మాట మీ రాతలో చాలాసార్లు వచ్చింది, అది తీపి మాట, కానీ రెండు ఒడ్ల మధ్య రాకపోకలు ఎప్పుడూ సరిసమానంగా ఉండవు. ఒక ఒడ్డువాడు టికెట్ కొనుక్కుని వస్తాడు, ఇంకో ఒడ్డువాడు ప్రాణాలకి తెగించి వస్తాడు. జిబ్రాల్టర్ జలసంధి వెడల్పు సన్నటి చోట 14 కిలోమీటర్లే, ఎండగా ఉన్న రోజున ఆఫ్రికా నుంచి యూరప్ కంటికి కనిపిస్తుంది. 1991లో స్పెయిన్ వీసా నియమాలు బిగించాక మొరాకో వాళ్ళకి ఆ కాస్త దూరం దాటడం గగనమైంది, యూరప్ నుంచి వచ్చేవాళ్ళకి మాత్రం మునుపటిలాగే తేలిక. ఇటో బర్రాడా అనే ఫొటోగ్రాఫర్ తను పెరిగిన మొరాకో రేవు టాంజియర్‌ని 1998 నుంచి 2004 దాకా ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకునే తీసింది. ఆ ఫొటోల్లో మనుషులు చాలామంది మనకి వీపు తిప్పి ఉంటారు, లేకపోతే ఎటో చూస్తూ ఉంటారు. మునిగిపోయే పడవలు లేవు, ఏడుపులు లేవు. వెళ్ళలేక ఉండిపోయిన ఊరు ఎలా కూర్చుంటుందో, ఎలా ఎదురుచూస్తుందో ఉంది. అదే జలసంధి దగ్గర ఫ్రాన్సిస్ అలీస్ అనే కళాకారుడు 2008 ఆగస్టు 12న ఇంకో పని చేశాడు. ఇటు ఒడ్డున కొందరు పిల్లలు, అటు ఒడ్డున కొందరు పిల్లలు, చేతుల్లో చెప్పులతో చేసిన బొమ్మ పడవలు పట్టుకుని, వరసగా, ఎదురొడ్డు వైపు నీళ్ళలోకి నడిచారు. రెండు వరసలూ ఎక్కడా కలవవు, కలవలేవు, అలలు పిల్లల్ని వెనక్కి నెడుతూనే ఉంటాయి. కలయిక మీద పని చేసేవాళ్ళు కలవలేకపోవడాన్ని కూడా ఫ్రేమ్‌లో ఉంచాలని నాకు ఈ రెండూ నేర్పాయి.

ఆ అసమానం మన పనిలోకి కూడా వస్తుంది. కెమెరా మీ చేతిలో ఉంది, ఎడిటింగ్ మీ చేతిలో ఉంది, కింద పేరు మీది. అలాంటప్పుడు మీరు ఏ మార్పిడి గురించి చెప్తున్నారో ఆ మార్పిడి పని తీరులో కూడా జరగాలి కదా. ఈ విషయంలో నేను ఎప్పుడూ చూడమని చెప్పేది ముంబయికి చెందిన క్యాంప్ బృందం, షైనా ఆనంద్, అశోక్ సుకుమారన్ వాళ్ళది, 2013లో పూర్తిచేసిన 83 నిమిషాల సినిమా, 'ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్'. గుజరాత్ కచ్ఛ్ సింధుశాఖ నుంచి పర్షియన్ గల్ఫ్‌కి, అక్కడ్నుంచి ఏడెన్ సింధుశాఖకి సరుకు మోసే చెక్క ఓడల కళాసీలు తమ ఫోన్లతో తీసుకున్న వీడియోలే అందులో ఎక్కువ భాగం. ఎవరో పంపితే తీసినవి కావవి, వాళ్ళ కోసం వాళ్ళు తీసుకున్నవి. ఓడ మీదకి ఎక్కించిన కార్లు, ఎదురొచ్చే ఇంకో ఓడ, దాన్ని చూసి చేతులూపడం, వాటికి వాళ్ళే జోడించుకున్న సినిమా పాటలు, ఖవ్వాలీలు. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి ఆ క్లిప్పులు చేతులు మారుతూ తిరుగుతుండేవి. అంటే అక్కడ బొమ్మలే సరుకైపోయాయి, ఒక రేవు నుంచి ఇంకో రేవుకి వెళ్ళాయి. ఆ పని ఒక్క రోజులో పుట్టలేదు, అంతకుముందు 2009లో షార్జా బినాలే (రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన) కోసం అక్కడి రేవు మీదే వాళ్ళు పని చేశారు, సోమాలియాకి వెళ్ళే ఓడల్లో ఏ సరుకు వెళ్తోందో నమోదు చేశారు, రేవు నుంచే రేడియో ప్రసారం నడిపారు. మీ రేవులో కూడా ప్రతి కుర్రాడి ఫోన్‌లో వీడియోలు ఉంటాయి. అడిగి చూడండి. అడిగేటప్పుడు నాకివ్వు అనొద్దు, నీ దగ్గర ఉన్నది నాకు చూపించు, నా దగ్గర ఉన్నది నీకు చూపిస్తా అనండి.

అలాగే ఎవరి ముఖం చూపించాలి, ఎవరిది కూడదు అన్నది మొదట్నుంచీ తేల్చుకోండి. కాగితాలు లేకుండా దాటివచ్చిన మనిషి ఈ రోజు సరేనంటాడు, రెండేళ్ళ తర్వాత అదే ఫొటో అతని మెడకి చుట్టుకోవచ్చు. అలాంటివాళ్ళ ముఖాలే కాదు, పడవ నంబరు, చేతి మీది పచ్చబొట్టు, ఇంటి ముందరి గుర్తులు కూడా పట్టిస్తాయి. ఫైల్‌లో కెమెరా రాసుకునే లొకేషన్ వివరాలు తీసేసిన తర్వాతే బయటపెట్టండి. దీంట్లో నేను చాలా కచ్చితంగా ఉంటాను, మంచి ఫొటో పోతే పోయింది.

భాష గురించి నాకు ఒక దెబ్బ తగిలింది, అది చెప్తే మీకు పనికొస్తుంది. ఒక రేవులో ఒకాయన మాట్లాడిన నాలుగు నిమిషాలు వీడియోలో వాడాను. ఆ భాష నాకు అరకొరగా వచ్చు, అనువాదం ఇంకొకరి చేత చేయించాను. "నమ్ముకుని సగం దూరం వెళ్ళాక ఊపిరి ఆగిపోయింది, నలుగురం తాడు కట్టి లాక్కొచ్చాం, ఇంకెప్పుడూ లేవలేదు" అని సబ్‌టైటిల్ పడింది. తమ్ముడి గురించి చెప్తున్నాడని అనుకున్నాం, గ్యాలరీలో చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆరు నెలల తర్వాత అదే వీడియో ఆ రేవులో గోడ మీద వేస్తే సరిగ్గా అక్కడే అందరూ పగలబడి నవ్వారు. ఆయన చెప్పింది ఇంజను గురించి. ఆ భాషలో మనిషికీ వస్తువుకీ ఒకటే మాట వాడతారు, ఆ పడవ వాళ్ళు ఇంజనుకి ఒక మనిషి పేరు కూడా పెట్టుకున్నారు. ఆరు నెలలపాటు ఒక మనిషి నోట ఆయన అనని దుఃఖం పెట్టి చూపించాను. ఆ తప్పు ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. అప్పట్నుంచి ఏ వీడియో అయినా సరే మాట్లాడినవాళ్ళకి సబ్‌టైటిల్ అర్థం చెప్పి, వాళ్ళు సరే అన్నాకే బయటికి తీస్తాను. భాష అందకపోవడాన్నే పనిగా మలిచింది జినెబ్ సెదిరా అనే కళాకారిణి. 2002లో చేసిన 'మదర్ టంగ్' అనే వీడియోలో మూడు స్క్రీన్లు: అల్జీరియా నుంచి వచ్చిన ఆమె తల్లి అరబ్బీలో, ఫ్రాన్స్‌లో పెరిగిన ఆమె ఫ్రెంచ్‌లో, ఇంగ్లండ్‌లో పెరుగుతున్న ఆమె కూతురు ఇంగ్లిష్‌లో, ఇద్దరిద్దరు చొప్పున మాట్లాడుకుంటారు. అమ్మమ్మా మనవరాలూ కూర్చున్న మూడో స్క్రీన్‌లో మాట సాగదు. చిన్నపిల్ల అమ్మ కోసం కెమెరా వెనక్కి చూస్తుంది. సముద్రం ఒక్క ఫ్రేమ్‌లో కూడా లేదు, అయినా సముద్రం దాటడం అంటే ఏమిటో అంతకన్నా దగ్గరగా చూపించిన పని నాకు తెలియదు.

ఫొటోనా వీడియోనా అంటే, ముఖం, ఒళ్ళు, వస్తువు అయితే ఫొటో. పని, మాట, ఎదురుచూపు అయితే వీడియో. ఇంతకుమించి దీని గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోవద్దు. చాలా స్క్రీన్లు పెట్టాలన్న మీ ఆలోచన మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. దర్శకుడు జాన్ అకోమ్‌ఫ్రా 2015లో వెనిస్ బినాలేలో చూపించిన 'వెర్టిగో సీ'లో మూడు స్క్రీన్లకి కారణం ఉంది, తిమింగలాల వేట, బానిస ఓడలు, ఇప్పటి వలస పడవలు ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే ఆ సంబంధం తగులుతుంది. పాత ఆర్కైవ్ దృశ్యాలూ కొత్తగా తీసినవీ పక్కపక్కన నడుస్తాయి. ఇంకో దర్శకుడు ఐజాక్ జూలియన్ 2010లో 'టెన్ థౌజండ్ వేవ్స్'కి తొమ్మిది స్క్రీన్లు వాడాడు, మనం ఏ ఒక్క చోట నిలబడినా కొంత వెనక ఉండిపోతుంది. మీ దగ్గర ఉన్న మెటీరియల్‌కి నా మాటగా రెండు చాలు, ఒకటి ఈ ఒడ్డు, ఒకటి ఆ ఒడ్డు. అవి ఎదురెదురుగా పెడితే చూసేవాళ్ళు మధ్యలో నిలబడి తల తిప్పుకోవాల్సి వస్తుంది.

జూలియన్ పని పేరు వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఆ పనికి మూలం 2004 ఫిబ్రవరి 5 రాత్రి ఇంగ్లండ్‌లోని మోర్‌కంబ్ బేలో ఇసుక మీద గుల్లలు ఏరుతూ పోటుకి చిక్కుకుపోయి చనిపోయిన 20 మందికి పైగా చైనా కూలీలు. చదునైన తీరంలో పోటు ఎదురుగా వస్తూ కనిపించదు, ముందు పక్కలనున్న పాయలు నిండి మన వెనక దారి మూసేస్తుంది. మీరు తెల్లవారుజామున ఒంటరిగా ఇసుకమేటల మీదకి వెళ్తున్నానని రాశారు. ఆటుపోట్ల పట్టిక చూడకుండా, ఆ ఊరివాళ్ళని ఒకరిని తోడు తీసుకోకుండా వెళ్ళొద్దు. చాలా తీరాల్లో పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అమావాస్య, పౌర్ణమి దాటిన రోజుల్లో ఇంకా పైకి వస్తుంది. ఇది ప్రాణానికే కాదు, పనికీ అవసరం. నిన్న ఆరింటికి దొరికిన ఫ్రేమ్ ఇవాళ ఆరింటికి ఉండదు, రెండు వారాలాగితే మళ్ళీ ఇంచుమించు అలాంటిది దొరుకుతుంది.

కెమెరా ఇప్పుడున్నదే చాలు. ఆ డబ్బుతో మైకు కొనండి. తీరంలో తీసిన వీడియో చెడిపోయేది చాలావరకు శబ్దం దగ్గరే. అలల హోరు సన్నటి శబ్దం నుంచి లావు శబ్దం దాకా అన్నింట్లో పరుచుకుని ఉంటుంది, మాట మీద పడితే తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సుబ్బరంగా తీయలేరు. కాలర్ మైకు, దాని మీద బొచ్చు కవర్, రికార్డర్‌లో 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకన్నా లావు శబ్దాన్ని తగ్గించే సెట్టింగ్), మాట్లాడేవాళ్ళని ఒక గోడ చాటుకి కూర్చోబెట్టడం, ఇవి చేయండి. ప్రతిచోటా మాటలేమీ లేకుండా రెండు నిమిషాలు ఉత్త సముద్రం కూడా రికార్డు చేసి పెట్టుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు దాచేది అదే. మధ్యాహ్నపు ఎండలో సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 50వ వంతు పెట్టుకోవాలంటే వెలుగుని ఆరుసార్లు సగానికి తగ్గించే 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ ఉండాలి. ఇసుకా నీళ్ళ మెరుపూ చూసి కెమెరా మీటర్ మోసపోతుంది, ముఖాలు నల్లగా వస్తాయి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పైకి పెట్టండి. పడవ మీద గింబల్ (కెమెరా కుదుపులు పోగొట్టే పరికరం) వాడొద్దు, పడవ ఊగుతుందని చూసేవాడికి తెలియాలి. ఒడ్డున లెన్స్ మార్చొద్దు. ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి, మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో ఒత్తి, తర్వాత తుడవండి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాని అరగంట బ్యాగులోనే ఉంచి తెరవండి, లేదంటే లెన్స్ లోపల ఆవిరి పడుతుంది.

చూపించడం గురించి నా అభిప్రాయం గట్టిది: మొదట ఆ రేవులోనే చూపించండి. గోడౌన్ గోడ, తెల్లటి దుప్పటి, అద్దె ప్రొజెక్టర్, చీకటి పడ్డాక. ఎక్కడ నవ్వారు, ఎక్కడ లేచి వెళ్ళిపోయారు, ఎక్కడ పక్కవాళ్ళకి వేలుపెట్టి చూపించుకున్నారు, అన్నీ రాసుకోండి, ఎడిటింగ్ మళ్ళీ కూర్చుని చేయండి. వీలైతే అవతలి ఒడ్డున కూడా వేయండి, అక్కడివాళ్ళు ఇటు వాళ్ళకి ఏదైనా చెప్పదలిస్తే అది తీసుకొచ్చి ఇక్కడ చూపించండి. గ్యాలరీ ఆ తర్వాత. గ్యాలరీలో వీడియో లూప్‌లో తిరుగుతుంది, జనం మధ్యలో వస్తారు, మధ్యలో పోతారు, కాబట్టి మొదలు తెలియకపోతే అర్థం కానట్టు కట్టొద్దు. పది నిమిషాలు దాటితే కూర్చోడానికి బెంచీ తప్పనిసరి. క్యాప్షన్లలో కవిత్వం వద్దు.

ఇక ఆ మిగిలిన ఫొటో. 12లో మీరు ఏడోదిగా పెట్టారు, బహుశా వెలుగు తక్కువగా ఉందని మొహమాటపడుతూనే పెట్టి ఉంటారు. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన చిన్న రేడియో, పక్కన అట్టముక్క మీద పెన్నుతో రాసిన స్టేషన్ల అంకెలు. పెద్దది చేసి చూశాను. పైన ఐదు వరసలు ఒక లిపిలో ఉన్నాయి, కింద మూడు ఇంకో లిపిలో, ఇంకో చేతిరాతలో, వేరే ఇంకుతో. ఆ రేడియో ఎవరిదో, ఆ కింది మూడు వరసలూ రాసిన మనిషి ఎవరో, ఇప్పుడు ఏ ఒడ్డున ఉన్నాడో కనుక్కోండి. రేపే వెళ్ళండి, కెమెరా తీసుకెళ్ళకపోయినా పర్వాలేదు. తెలిసింది ఇక్కడ రాయండి, అక్కడ్నుంచి మాట్లాడుకుందాం.